తడిసిన బొగ్గులకు దండం

ఆ రోజు బొగ్గులు తడవనే లేదన్న వార్త నాకు మొట్టమొదట మోసుకొచ్చింది మా చిన్నకోడలు. కోదాడలో పంతులమ్మ ఉద్యోగం తనది. రోజూ పొద్దున మిర్యాలగూడలో బస్సెక్కి సాయంత్రానికి తిరిగొస్తుంది. నిన్న మంగళవారం వచ్చీరాగానే, కాళ్లు కూడా కడుక్కోకుండా, సంచి భుజాన ఉండగానే నా కుర్చీ పక్కన నిలబడి, "అత్తయ్యా, మీరేమీ అనుకోనంటే ఒక మాట చెప్తాను. మీ బస్సు కథలో ఒక తప్పుందంట," అన్నది. నేను కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాను. నలభై ఏళ్లుగా వారం వారం పత్రికకు రాస్తున్నదాన్ని, తప్పులు పట్టేవాళ్లు నాకు కొత్త కాదు. గోంగూర పచ్చడిలో నువ్వులు వేయమన్నందుకు ఒకసారి సంచెడు ఉత్తరాలు వచ్చాయి. కానీ బస్సు కథలో తప్పు పట్టినవాళ్లు ఇంతవరకు లేరు. అందులో ఉన్నది నేను, మా మేనత్త, ఒక డ్రైవరు, గొర్ల కాపరుల ఇంటి ఇల్లాలు ఒకామె. ఆ నలుగురిలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. మరి తప్పు ఎవరు పట్టినట్టు?

బస్సు కథ ఏమిటో తెలియని పాఠకులు కూడా ఉంటారు గనుక మొదటినుంచీ చెప్పుకొస్తాను. పత్రికవాళ్లకు బుధవారం మధ్యాహ్నానికల్లా నా వ్యాసం చేరాలి. మొదట్లో పోస్టులో పంపేదాన్ని, తర్వాత హైదరాబాదు బస్సు డ్రైవరు చేతికిచ్చేవాళ్లం, ఇప్పుడు మా అబ్బాయి ఫోనుతో ఫోటో తీసి పంపేస్తున్నాడు. దారి మారింది గానీ బుధవారం మారలేదు. పెద్దబ్బాయి పెళ్లి వారంలో కూడా, అవతల మేళం వాయిస్తుంటే ఇవతల వడ్ల బస్తాల గదిలో కూర్చొని ముగించి పంపాను. కంటి ఆపరేషన్ అయిన వారం నేను చెబుతుంటే ఇదే కోడలు రాసిపెట్టింది. ఒక్క వారమూ తప్పలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు అంటే అబద్ధమవుతుంది, కొంచెం గొప్పకే చెబుతున్నాను. అదంతా రాముడి దయ అని తెలుసు. అయినా ఆ దయ అందుకోవడానికి చెయ్యి చాపి కూర్చున్నది నేనే కదా అని లోలోపల ఒక మురిపెం. పత్రికాఫీసులోని పిల్లలు ఫోను చేసి, "అమ్మా, అందరికంటే ముందు మీ మేటరే వస్తది, ఎట్లమ్మా?" అని అడిగినప్పుడల్లా నా జవాబు ఒకటే. "పదేళ్ల వయసులో కోదాడ బస్సుతో పందెం వేసి గెలిచినదాన్ని నాయనా. నాకు మీ బుధవారం ఒక లెక్కా?"

మేమప్పుడు సూర్యాపేటలో ఉండేవాళ్లం. నలభైల చివర, నిజాం రాజ్యం ఇంకా ఉన్నదా పోతున్నదా అని పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునే రోజులు. బడిలో చదువంతా ఉర్దూ. ఆడపిల్లను అంత దూరం పంపడం నాన్నకు ఇష్టం లేదు. ఆయన తహసీలు కచేరీలో పొద్దస్తమానం ఉర్దూ రాసేవాడు, తెలుగులో మాత్రం సంతకం పెట్టడానికే చెమటలు పట్టేవి. ఇంట్లో తెలుగు అంతా మా మేనత్తది. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. మా తాతగారు ఆమె దుఃఖానికి మందుగా చదువు చెప్పారు. ఆ మందే ఆమె నాకు పోసింది. చేటలో ఇసుక పోసి, దాని మీద నా వేలు పట్టుకొని దిద్దించేది. తప్పు రాస్తే చేటను ఒక్కసారి ఎగరేసి దులిపేది, తప్పు మాయమయ్యేది. ఇప్పటికీ కాగితం మీద కొట్టివేత పడితే నాకు ఆ చేట గుర్తొస్తుంది, దులిపితే పోయే రోజులు అవి అనుకుంటాను.

మేనత్తకు రామకోటి రాసే నియమం ఉండేది. స్నానం, దీపం అయ్యాక దళసరి పుస్తకం తెరిచి ఒక పుట నిండా రామనామం రాసేది. పుట నిండితేనే అన్నం. పండుగైనా జ్వరమైనా ఇంటికి చుట్టాలొచ్చినా అంతే. నాకూ చిన్న నియమం పెట్టింది, పలక నిండా రాస్తేనే అన్నం అని. నేను ఊరుకుంటానా? గుమ్మడికాయలంత అక్షరాలు రాసి ఆరు నామాలకే పలక నింపేశాను. ఆమె పలకను దూరంగా పట్టుకొని చూసి, "అబ్బో, నీ రాముడు ఇయ్యాల మస్తు లావైండు. ఇంత లావోనికి మన గుమ్మం సాలదు గని, జర బక్కగ చెయ్యి," అన్నది. తిట్టలేదు. మళ్లీ రాయించింది. ఆకలితో రాసిన అక్షరాలు చకచకా నడిచేవి. గడువు అనే మాట నాకు తెలియకముందే గడువు అంటే ఏమిటో నా కడుపుకు తెలిసింది. ఇన్నేళ్లుగా నేను బుధవారాన్ని చూసి భయపడకపోవడానికి ఆ పలకే కారణమని నా నమ్మకం.

మా ఇంటి అరుగుకు ఎదురుగా కోదాడ బస్సు ఆగేది. ఆ కాలపు బస్సులు బొగ్గుతో నడిచేవంటే మా మనుమలు నవ్వుతారు. బస్సు వెనక నిలువెత్తు ఇనుప డ్రమ్ము ఉండేది. అందులో బొగ్గులు పోసి రాజేసి, పక్కనున్న చక్రం గిరగిరా తిప్పి గాలి కొట్టాలి. మొదట తెల్లటి పొగ వీధంతా కమ్మేది, మా అమ్మ ఆరేసిన చీరలు తిట్టుకుంటూ లోపలికి తెచ్చేది. కాసేపటికి పొగ పలచబడేది. అప్పుడు డ్రైవరు చిన్న గొట్టం మూతి దగ్గర అగ్గిపుల్ల గీసి చూసేవాడు. ఎర్రగా రెపరెపలాడితే గ్యాసు ఇంకా రానట్టు. నీలం మంట నిలకడగా నిలబడితే వచ్చినట్టు. నీలం మంట వచ్చిందంటే ఇక బస్సు కదిలినట్టే. మా వీధిలో గడియారం ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. ఆడవాళ్లు పప్పు పొయ్యి మీద పెట్టడం, దించడం కూడా ఆ పొగ రంగు చూసే.

డ్రైవరును అందరూ బొగ్గుల సాబు అనేవారు. నడివయసు మనిషి, గడ్డంలో సగం తెలుపు, సగం మసి. మధ్యాహ్నం నమాజు చేసుకొని వచ్చి చక్రం తిప్పడం మొదలుపెట్టేవాడు. సమయం విషయంలో ఆయన ఎంత కచ్చితమంటే, ఒకసారి సొంత మామగారు మంచినీళ్లు తాగొస్తానని దిగితే ఆయనను సూర్యాపేటలోనే వదిలేసి వెళ్లాడు. ఆ ముసలాయన మా అరుగు మీద కూర్చొని, "నా బిడ్డను ఈ గడియారానికిచ్చి చేసిన," అని నిట్టూర్చడం నేను చూశాను. టపాలో వెయ్యడానికి భయపడే ఉత్తరాలు, తొందరగా చేరాల్సిన ఉత్తరాలు జనం ఆయన చేతికే ఇచ్చేవాళ్లు. కోదాడలో ఎవరికి ఇవ్వాలో ఒక్కసారి చెబితే చాలు, మరిచిపోడు. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. ఉత్తరం తీసుకొని, మడత మీద వేలితో తట్టి, తలపాగలో దోపుకునేవాడు.

ఆ ఉత్తరాలు రాసేది మా మేనత్త. వీధిలో అందరూ ఆమెను పంతులమ్మ అనేవారు. బస్సు పొగ లేవగానే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు అరుగెక్కి కూర్చునేవాళ్లు. ఆ ఎండాకాలం గంజి వారుస్తుండగా గిన్నె జారి మేనత్త కుడిచెయ్యి కాలిపోయింది. వేళ్లు ముడుచుకుపోయి మళ్లీ చక్కగా రాలేదు. రామకోటి మాత్రం ఆపలేదు. ఎడమచేత్తో, వంకరటింకరగా, ఒక్కో నామానికి ఒక్కో యుద్ధం చేస్తున్నట్టు రాసేది. పుట నిండేసరికి మధ్యాహ్నం దాటేది, అప్పుడు తినేది. మరి ఉత్తరాలు? "ఎడమచేత్తోటి దేవునికి రాయొచ్చు, ఆయన తల్లి అసొంటోడు, ఏమనుకోడు. మనిషికి రాయొద్దు, మర్యాద గాదు," అని కలం నా చేతిలో పెట్టింది. అట్లా పదేళ్ల వయసులో నేను సూర్యాపేటలో ఒక వీధికి రచయిత్రినయ్యాను.

మొదటి వారంలోనే నాకు పొగరెక్కింది. నాన్న పెట్టెలో పాత ఉత్తరాలు ఉండేవి, తాతగారి కాలంనాటివి. వాటిలోని మొదలూ చివరా కంఠస్థం చేశాను. 'మహారాజరాజశ్రీ' తో మొదలుపెట్టి, 'దివ్యసముఖమునకు' అని, 'ఉభయకుశలోపరి' అని, చివర 'వేయి నమస్కారములు' పెట్టేదాన్ని. చింతపండు అమ్ముకునే ఆమె తన తమ్ముడికి రాయించినా అదే, కుమ్మరామె కొడుక్కి రాయించినా అదే. చదివి వినిపిస్తే వాళ్లకు సగం అర్థమయ్యేది కాదు, అందుకే ఇంకా ఎక్కువ మురిసిపోయేవాళ్లు. "మా పోరడు ఇది ఇంటే వాని పేరే మరిచిపోతడు," అని నవ్వేది కుమ్మరామె. మేనత్త నవ్వేది కాదు. "అక్షరాలు మంచిగున్నయి. మనుషులే కనవడ్తలేరు," అనేది. అప్పుడు నాకది అర్థం కాలేదు. ఒప్పుకోవాలంటే, కోపమొచ్చింది కూడా.

ఇక ఆ రోజు. వానాకాలం, రంజాన్ నెల. పొద్దున ఒక జల్లు పడి తెరిపిచ్చింది. మా వీధి చివర పశువుల కొట్టంలో కొన్ని కుటుంబాలు తలదాచుకుంటున్నాయి. మూసీ అవతలి పల్లె వాళ్లు. ఊళ్లో తుపాకులవాళ్లు దిగారని, మగవాళ్లు కనబడితే కట్టి తీసుకుపోతున్నారని, పిల్లలనూ ముసలివాళ్లనూ వెంటబెట్టుకొని రాత్రికి రాత్రి వచ్చేశారు. వాళ్లలో గొర్ల కాపరి భార్య ఒకామె పరుగు పరుగున వచ్చి మా అరుగు మీద కూలబడింది. అప్పటికే డ్రైవరు సాబు చక్రం తిప్పుతున్నాడు, వీధిలో తెల్లపొగ.

"పంతులమ్మా, నా పెనిమిటి, మా మరిది మందతోటి కోదాడల ఉన్నరంట. నిన్న ఉన్ని కొనేటాయన సూశిండంట. కిష్ణ ఏరు అవతల మేపుకొని తిరిగొస్తున్నరు. రేపు పొద్దుగాల లేశి ఊరికే పోతరమ్మా. ఊర్లె ఏమైందో ఆళ్లకేం ఎరుక? తిన్నగ పొయ్యి ఆళ్ల చేతులల్ల పడ్తరు." ఆమె ఏడవడం లేదు. కొంగు కొసను వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. "ఆడ తాడిశెట్ల కాడ మావోళ్ల దుకాణం ఉంది. సాబుకు ఎరుకే. గీ ఒక్క ఉత్తరం అందాలె."

మేనత్త లోపల రామకోటి ముందు కూర్చొని ఉంది. ఇంకా సగం పుటే అయింది, అన్నం తినలేదు. కలం నాకిచ్చి, "రాయి బిడ్డా, జల్దిన రాయి," అన్నది. ఇంట్లో మిగిలింది ఒక్కటే కాగితం. ఆ రోజుల్లో కాగితం దొరకడమే కష్టం, ఉత్తరానికి ఒక్క కాగితం అన్నది మా ఇంటి చట్టం. నేను దాన్ని మోకాలి మీది పలక మీద పరచుకొని, మొదలుపెట్టాను. గొర్లు కాసే మనిషికి 'మహారాజరాజశ్రీ' అని బిరుదు ఇచ్చాను. 'దివ్యసముఖమునకు' రాశాను. కొమ్ములు, వట్రసుడులు చక్కగా తిప్పాను.

"ఇగ చెప్పు పెద్దమ్మా."

ఆమె గొంతు సవరించుకున్నది. ఇక్కడే జరిగింది మా ఇద్దరి తప్పు. నాకు మర్యాద ముందు రాయడమే తెలుసు, ఆమెకు మర్యాద ముందు చెప్పడమే తెలుసు. చెడ్డ మాటతో ఉత్తరం మొదలుపెట్టడం ఆమె వంశంలో లేదు. "ముందుగాల నా పెనిమిటికి దండాలను. మా మరిదికి దండాలను. దుకాణపాయనకు, ఆయన ఇంటామెకు దండాలను. అత్తకు దగ్గు తగ్గిందను. చిన్నదానికి పండ్లొచ్చినయను. ఎర్రకుక్క మందెంబడే ఉన్నదా, యాడన్న తప్పిపోయిందా అడుగు." నేను అన్నీ రాశాను. ఒక్కొక్క దండానికీ 'వేయి నమస్కారములు' అని పెంచి రాశాను. కాగితం తిప్పి రెండో వైపు కూడా రాశాను. బయట పొగ పలచబడింది. ఆమె అటు చూసి, "ఇగ అసలు మాట రాయి బిడ్డా," అన్నది.

నేను కిందికి చూశాను. కాగితంలో చోటు లేదు. అంచులకు సైతం కొమ్ముల తోకలు పోయి ఆనుకున్నాయి. రెండు వైపులా నిండుగా, ముత్యాల్లాంటి అక్షరాలు, ఎర్రకుక్క దాకా అందరి క్షేమమూ ఉంది. ఊరికి రావద్దు అన్న మాట ఒక్కటే లేదు.

ఆమెకు చదువు రాదు గానీ నా ముఖం చదివింది. "ఏమాయె?" అన్నది. "జాగ లేదు" అన్నాను. ఆమె నన్ను కొట్టినా బాగుండేది. బస్సు వైపు చూసింది. వీధిలోంచి సాబు గొంతు, "చలో, చలో, కూసోండ్రి, వస్తున్నది గ్యాసు!"

అప్పుడు లోపలినుంచి పీట జరిగిన చప్పుడు వినిపించింది. మేనత్త గడప దాటి వచ్చింది. ఆమె ఎడమచేతిలో రామకోటి పుస్తకం తెరిచి ఉంది. సగం రాసిన ఆనాటి పుటను చించి, వెనకవైపు తెల్లగా ఉన్న పక్క పైకి పెట్టి నా పలక మీద పరిచింది. ఆ పుస్తకాన్ని ఆమె నేల మీద కూడా పెట్టేది కాదు. నేను భయపడి చేతులు వెనక్కి తీసుకున్నాను. "సూస్తవేందే? సావుబతుకుల మాట ముందుగాల రాయి. దండాలు అందరు బతికినంక పెట్టుకోవచ్చు. ఆమె నోట్లె మాట ఎట్లుంటె అట్లనే రాయి."

నేను రాశాను. నా జీవితంలో రాసిన మొదటి వాక్యాలు అవే అంటాను, అంతకుముందు రాసినవన్నీ తాతగారివి. "మన ఊరికి పోవద్దు. అక్కడ పట్టుకుంటున్నరు. మంద కోదాడలనే ఉంచు. మేమందరం సూర్యాపేటల ఉన్నం, పాణంతోటి ఉన్నం. నువ్వు గిట్ల రా." తొందరలో 'పాణం' దగ్గర సిరా చిందింది. తుడవలేదు. మడిచి, ఒక్క దూకుతో అరుగు దిగి బస్సు దగ్గరికి పరుగెత్తాను.

బస్సు ఇంకా ఉంది. లోపల కూర్చున్నవాళ్లు విసుక్కుంటున్నారు. "ఏమయ్యా సాబూ, ఇయ్యాల పోతదా, ఈడ్నే కాపురం పెట్టమంటవా?" అని ఎవరో అరుస్తున్నారు. సాబు డ్రమ్ముకు వీపు ఆనించినట్టు నిలబడి, "పొద్దుగాల వాన కొట్టె గదనయ్యా. బొగ్గులు తడిసినయి. ఏం జేయాలె మరి, ఉఫ్ అంటె గ్యాసొస్తదా?" అంటున్నాడు. నన్ను చూడగానే చెయ్యి చాచాడు. "ఎవరికి బేటీ?" తాడిచెట్ల కాడి దుకాణంలో గొర్లాయనకు, రేపు పొద్దుటిలోగా, అని రొప్పుతూ చెప్పాను. మడత మీద వేలితో తట్టి తలపాగలో దోపుకున్నాడు. మరు నిమిషంలో బస్సు కదిలిపోయింది. తడిసిన బొగ్గులు అంత తొందరగా ఎలా ఆరాయని పదేళ్ల పిల్లకు తోచలేదు. తర్వాత అరవై ఏళ్లలో కూడా తోచలేదు చూడండి, అది నా తెలివి.

మేనత్త ఆ రోజు సగం పుట పోయింది గనుక మళ్లీ మొదటి నామం నుంచి మొదలుపెట్టింది. ఎడమచేతి రాత. ఆమె కంచం ముందు కూర్చునేసరికి పొద్దు గూకింది. నేను పక్కనే కూర్చొని విసనకర్రతో విసిరాను. అది తప్ప నాకేం చేయాలో తెలియలేదు.

ఎనిమిదో రోజున ఎర్రకుక్క మా వీధిలోకి వచ్చింది. దాని వెనక బట్టతల మీద రుమాలు చుట్టుకున్న ఒక పొడుగాటి మనిషి, ఆయన తమ్ముడు. మంద కోదాడలోనే బంధువుల దగ్గర వదిలి, దారి తప్పించి చుట్టూ తిరిగి నడిచి వచ్చారట. ఆ కాపరి కొట్టంలోకి వెళ్లి పిల్లలను చూసుకొని, తిన్నగా మా అరుగు దగ్గరికి వచ్చాడు. రుమాలు మడతలోంచి కాగితం తీసి రెండు చేతులతో మేనత్తకు అందించాడు. "దేవుని పేరున్న కాయితమంట గదమ్మా. సదివినాయన జెప్పిండు. మాకాడ ఎందుకు, మీ పుస్తకంల మీరు పెట్టుకోండ్రి." ఈలోపు ఖబురు అందక అదే ఊరికి వెళ్లిన మరో కాపరి ఎన్నాళ్లకూ తిరిగి రాలేదని తర్వాత విన్నాం. మేనత్త సూదీదారం తీసుకొని, ఆ పుటను దాని చోటులోనే కుట్టింది. ఆ పుస్తకం ఇప్పుడు మా దేవుడి మందిరంలో ఉంది. ఒకవైపు సగం దాకా వంకర రామనామాలు, మరోవైపు నా అయిదు మాటలు, సిరా మరక.

ఇదీ నా బస్సు కథ. అప్పటినుంచీ ఎవరు దొరికితే వాళ్లకు చెప్పేదాన్ని, బస్సు కదిలేలోపు రాసి ఇచ్చాను, నా చేతి వేగం అలాంటిది అని. నేను అలా అన్నప్పుడల్లా మేనత్త ఒకటే మాట అనేది. "తడిసిన బొగ్గులకు దండం పెట్టుకో బిడ్డా." నా పొగరు దించడానికి అంటున్నదనుకొని నవ్వేసేదాన్ని.

పొగ రంగు చూసే మనిషి కదా, బొగ్గులు తడవలేదని ఆమెకు అప్పుడే తెలుసు. మా కోడలు తెచ్చిన వార్త అదే. తనతో కోదాడ బడిలో పనిచేసే టీచరమ్మ ఆ డ్రైవరు సాబు మనుమరాలు. పత్రికలో నేను అంతకుముందు రాసిన బస్సు కథ చదివి, ఇంటికి తీసుకెళ్లి వాళ్ల నాన్నకు వినిపించిందట. ఆయన పెద్దగా నవ్వి, ఇది మా ఇంట్లో కథే కదా అన్నాడట. ఆ రోజు సాబు అగ్గిపుల్ల గీసే సరికే నీలం మంట నిలబడింది. అటు తిరిగి చూస్తే అరుగు మీద మా మేనత్త పుస్తకంలోంచి పుట చించుతోంది. ఆయనకు తెలుగు రాదు గానీ అది ఏ పుస్తకమో తెలుసు, రోజూ చక్రం తిప్పుతూ చూస్తున్నదే కదా. ఆ తల్లి ఆ పుస్తకాన్నే చించిందంటే నా గ్యాసు ఎంత అనుకొని, మంట ఎవరికీ కనబడకుండా దానికి అడ్డంగా నిలబడి, బొగ్గులు తడిసినయని చెప్పాడు. ఇంటికి వెళ్లాక కుర్తా వీపున రూపాయి బిళ్లంత చిల్లు, చుట్టూ మాడిన అంచు. అదెట్లా కాలిందని భార్య అడిగితేనే ఈ మాట బయటికి వచ్చింది. ఆమె అతుకు వేస్తుంటే, "రోజాలో ఉండి అబద్ధమాడిన," అని బాధపడ్డాడట. పండుగ అయ్యాక ఒక రోజు ఎక్కువ ఉపవాసం ఉన్నాడట. ఎవరూ ఉండమనలేదు, తనకు తానే.

కోడలు చెప్పడం ముగించాక నేను పక్కన పెట్టిన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాను. బయట మిల్లుల నుంచి ఊక వాసన వస్తోంది. నేను గెలిచాననుకున్న పందెంలో ఆ రోజు పొద్దు గూకేదాకా ఇద్దరు అన్నం లేకుండా ఉన్నారు. ఒకరు గడప లోపల, ఒకరు స్టీరింగు ముందు. నాకు మాత్రం మధ్యాహ్నమే కడుపు నిండింది. అదీ నా చేతి వేగం.

ఇంకొకటి కూడా చెప్పాలి, నలభై ఏళ్లలో ఒక్క గడువూ తప్పలేదని పైన రాశాను గనుక. పోలీసు చర్య తర్వాత బొగ్గుల సాబు మా వీధిలో మళ్లీ కనబడలేదు. వేరే డ్రైవరు, వేరే బస్సు వచ్చాయి. ఆ రోజుల్లో సాబు లాంటివాళ్ల గురించి ఇంట్లో అడిగితే పెద్దవాళ్లు మాట మార్చేవాళ్లు. మేనత్త ఒక్కతే మార్చలేదు. "సాబు ఎట్లున్నడో, పిల్లలు ఎట్లున్నరో, ఒక కార్డు రాయి బిడ్డా," అన్నది. రేపు రాస్తానన్నాను. మళ్లీ అడిగింది. అడ్రసు తెలియదన్నాను. అది సాకు. కోదాడ బస్సు అడ్డా, బొగ్గుల సాబు అని రాస్తే ఎవరైనా అందించేవాళ్లు. మూడోసారి అడిగి, ఇక అడగడం మానేసింది. ఎడమచేత్తో మనిషికి రాయకూడదన్న ఆమె నియమం నా భరోసా మీద పెట్టుకున్నదే కదా. ఆ కార్డు నేను రాయలేదు. సాబు భార్య తరపు వాళ్ల దగ్గర కోదాడలోనే ఉండి, కొన్నేళ్లు బస్సు నడిపి, తర్వాత సైకిళ్లు బాగుచేసుకుంటూ, మనుమలను ఎత్తుకొని, నిండుగా బతికి వెళ్లిపోయాడని కోడలు చెప్పింది. అందుకు రాముడికి దండం పెట్టుకున్నాను. ఆయన అల్లాకు కూడా పెట్టుకున్నాను.

వచ్చే ఆదివారం కోడలి వెంట కోదాడ వెళ్తున్నాను. కుట్టిన పుట ఉన్న ఆ పుస్తకాన్ని ఆ ఇంట్లోవాళ్లకు చూపించాలి. ఈ వ్యాసం మాత్రం ఇప్పుడే పంపుతున్నాను. ఈ రోజు బుధవారం, పన్నెండు కావస్తోంది. మా మేనత్త అడిగిన కార్డు ఇదే అనుకోండి, అరవై ఏళ్లు ఆలస్యంగా. పెద్ద మాటలేవీ లేకుండా, నోట్లో మాట ఎట్లుంటే అట్లనే రాశాను.

చదివేవాళ్లకు ఒక్క మనవి. సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలో మీ బస్సు ఎప్పుడైనా కదలక కాసేపు నిలబడితే, విసుక్కునే ముందు బొగ్గుల సాబును ఒక్కసారి తలుచుకోండి. నా పదేళ్ల వయసులో ఒకనాడు కాలం కాసేపు ఆగింది. దానికి వీపు అడ్డం పెట్టి, కాలుతున్నా కదలకుండా నిలబడ్డ మనిషి ఆయన.